నాలుగో పీరియడ్

గాలి యార్డు మీదుగా వీస్తే
మా బడిలో పాఠం దగ్గుతో మొదలవుతుంది.
మార్చి నెల, మిరప బస్తాల కాలం.
కళ్లు తుడుచుకునేవాళ్లలో
ఎవరిది ఘాటో ఎవరిది ఏడుపో
పదకొండేళ్ల సర్వీసులో నాకు పట్టుబడలేదు.

ఆ రోజు నాగార్జున యూనివర్సిటీ నుంచి
షేర్ ఆటోలో వచ్చాడు కంబోడియా భిక్షువు.
అరవైకి దగ్గరపడ్డ విద్యార్థి.
భుజాన సంచి, చేతిలో గొడుగు.
పొద్దు నడినెత్తి దాటితే ముద్ద ముట్టడని
నాగరత్తమ్మ పదకొండింటికే వడ్డించింది.
కంచం కడగక్కర్లేకుండా తిన్నాడు.

ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలు.
ఏరుకుని తెలుగులో పోయడం నా పని.

"నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న బడిపంతులు.
కళ్లజోడుంటే చదువొచ్చని లెక్క,
చదువొస్తే చావని లెక్క.
అమ్మ ఆ జోడుని పొలంగట్టు కింద పాతేసింది.
చూపానక నాన్న నాట్లు వేశాడు.
వరసలు వంకరపోయాయి.
ఆ వంకరే పట్టించింది.

తర్వాత ఎవరడిగినా
నాకు అక్షరమ్ముక్క రాదన్నాను.
అంటూ అంటూ ఉండగా నిజంగానే పోయాయి.
మీసాలొచ్చాక మళ్లీ మొదటినుంచి దిద్దుకున్నాను."

నాగుల్‌మీరా మెల్లగా జోడు తీసి
చొక్కా జేబులో వేసుకున్నాడు.
గవర్నమెంటు ఇచ్చిన జోడు, ఒక కాడకి దారం.
ఎవరూ నవ్వలేదు,
వెనక బెంచీ కూడా.

"పరీక్షలో ఎన్ని మార్కులకి టీచర్?"
ముందు వరసలో ఎవరో.
ఒక మార్కు. ఖాళీని పూరింపుము.
ఇరవై లక్షల దాకా అంటారు, రాసుకోండి,
మన గుంటూర్లు రెండూ, ఆపైన ఇంకొంచెం అన్నాను.
పిల్లలు కిటికీలోంచి రోడ్డుకేసి చూశారు,
ఎవరినుంచి మొదలుపెట్టాలా అన్నట్టు.

బోర్డు మీద రాశాను: మారణహోమం.

కెజియా చెయ్యెత్తింది.
"హోమమంటే దేవుడి కోసం కదా టీచర్,
నరమేధమన్నా అంతే కదా.
మరి పీటల మీద ఎవరు కూర్చున్నారు?
నెయ్యి ఎవరు పోశారు?
పుణ్యం ఎవరికొచ్చింది?"

ఇన్నేళ్లూ రాస్తూనే ఉన్నాను ఆ మాట
చివరి సున్నా గుండ్రంగా చుడుతూ.
డస్టరు తీసుకుని హోమం చెరిపాను.
మారణ మిగిలింది, తెగిపడ్డ తోకలా.

కెజియా కూర్చోలేదు.
"మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో కూడా టీచర్,
కాలవ దాకా తరిమారంట.
మా తాత గోతంలో ఇంటికొచ్చాడంట.
దాన్ని మా ఇంట్లో గొడవ అంటారు.
గొడవకి ముందు పుట్టాడు మీ నాన్న,
గొడవ తర్వాత కొన్నాం ఈ గేదెని, అట్లా.
పుస్తకంలో దానికి పేరేంటి?"

"పాప ఏమంటోంది?" భిక్షువు నావైపు తిరిగాడు.

నోరు తెరిచాను.
గొడవకి నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ
కుళాయి దగ్గరికి సరిపోయేవి,
బస్సులో చిల్లరకి సరిపోయేవి.
తాత గోతంలో అని మాత్రం చెప్పగలిగాను.

ఆయన లేచి సుద్దముక్క అడిగాడు.
మీ అక్షరాలకీ మావాటికీ ఎక్కడో చుట్టరికం, అంటూ
నేను చెరిపిన చోట
ముడులు ముడులుగా ఒక పేరు రాశాడు.
వాళ్ల నాన్న పేరు.
సుద్ద కెజియా చేతిలో పెట్టాడు.

బోర్డు దాకా వెళ్లింది.
చెయ్యెత్తి అలాగే ఉండిపోయింది.
"పేరు తెలీదు టీచర్.
ఇంట్లో పోయినాయన అనే అంటారు.
రేపు అడిగొస్తా."

అన్నం గంట మోగింది. కంచాలు లేచాయి.
తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు
డస్టరు పట్టుకుని వస్తే అడ్డం నిలబడి
ఈ పూటకి లెక్కలు నోటితో చెప్పండన్నాను.
నన్ను ఎగాదిగా చూశాడు.

గదిలో నాగుల్‌మీరా ఒక్కడే.
దారం బిగించి జోడు పెట్టుకుని
అర్థం కాని ఆ అక్షరాలని
నోటుబుక్కులోకి దింపుకుంటున్నాడు,
ముడి ముడికీ తలెత్తి చూసి.